నిలబెట్టిన గడప

పోయిన వారం మనం వాన దగ్గర ఆగాం. తిరుత్తణి వైపు కే.జీ.కండిగై దాటి లోపలికి పోతే వచ్చే నేతపేటలో, అడైక్కలమాత కోవెల ఉత్తరపు గోడకున్న పూత ఆ వానకు నాని పెద్ద పెచ్చుగా ఊడిపడింది. దాని వెనక ఇటుకల కమాను కనబడింది. కమాను కింద పూడ్చేసిన వాకిలి. పాత కోవెలను పడగొట్టాలా, బాగుచెయ్యాలా తేల్చి చెప్పమని ఫాదర్ సూసైరాజ్ తిరువళ్ళూరు నుంచి పిలిపించిన ఇంజనీరు కలైవాణి ఆ పేట పిల్లే. ఏటా మాత పండుగకు చీర నేసి ఇచ్చే దేవరాజులు కూతురు. కోవెలకు స్థలమిచ్చి కట్టించింది తమ ముత్తాత సుందరరాజులేనని పుట్టినప్పటి నుంచి వింటూ పెరిగిన ఆమె, కమాను చూడగానే ఇంకేమీ ఆలోచించలేదు. "ఇది మా ముత్తాత కోసం పెట్టిన వాకిలి ఫాదర్, మా వీధిలో నుంచి నేరుగా లోపలికి రావడానికి" అనేసింది. ఫాదర్ సంబరపడిపోయి పండుగనాడు ఆ వాకిలి తెరిపిస్తానన్నాడు. చీర పట్టుకుని అందులో మొదటి అడుగు వేసేది దేవరాజులేనన్నాడు. పక్క గోడకు సుందరరాజులు పేరుతో చలువరాయి కూడా పురమాయించేశాడు.

ఆ కబురుకు సంతోషించని మనిషి ఒక్కతే ఉంది. ఆమె కోవెల ఊడ్చే మనిషి కాబట్టి ఆమె సంతోషంతో ఎవరికీ పనిపడలేదు.

*

ఆ కోవెల చూడగానే కళ్లప్పగించేంత అందమైనదేమీ కాదు. పడమటి ముఖం, పైన మూడు కోణాల నుదురు, ఆ నుదుట ఒకే ఒక్క గంట. లోపల రెండు వరుసల లావుపాటి స్తంభాలు. పైన టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలువుగా పేర్చి సున్నం పోసిన మద్రాసు మిద్దె. కిటికీల నెత్తిన మాత్రం కోసుగా లేచిన కమానులు ఉన్నాయి. సముద్రం దాటి వచ్చిన తెల్ల పాదిరి, పేటవాళ్ల మాటలో దొరసామి, ఎవరో తన ఊరిని తలుచుకుని పెట్టించుకున్నవి. కరక్కాయ నీళ్లూ బెల్లమూ పోసి గానుగలో రుబ్బిన సున్నం కావడంతో గోడలు ఎండాకాలంలో కూడా చల్లగా, నున్నగా తగులుతాయి. అడైక్కలం అంటే శరణు. శరణన్నవాళ్లకు నీడనిచ్చే మరియతల్లి అని ఆ పేరు పెట్టారు. ఎవరికి శరణు, ఏ వాకిలి దాకా శరణు అన్నది మాత్రం పేరులో చెప్పలేదు.

ఆ ఉదయం కలైవాణి లోపలి వైపు నుంచి ఉత్తరపు గోడను పరీక్షిస్తోంది. చేతిలోని స్క్రూడ్రైవర్‌తో గోడను పొడిస్తే ఖంగుమంది. కమాను కింద పూడ్చిన చోట పొడిస్తే పిడి దాకా దిగిపోయింది. పొడిపొడిగా ఎర్రమట్టి రాలింది.

"ఎంత నాసిరకంగా పూడ్చినారో చూడు చెంగమ్మవ్వా," అంది వెనక చీపురు చప్పుడు విని. "గోడంతా సున్నం. ఈడ మాత్రం ఒట్టి మట్టి. ఎవుడో పనిదొంగ."

చీపురు చప్పుడు ఆగింది.

"పనిదొంగ కాదు," అంది చెంగమ్మ. "మా నాయన."

కలైవాణి వెనక్కి తిరిగింది. పేట బయట దళితుల కాలనీలో ఉండే చెంగమ్మకు ఎనభై దాటి ఉంటాయి. నడుం కాస్త ముందుకు వంగింది గానీ చూపు ఇంకా సూటిగా ఉంది. ఆ చూపు కలైవాణి మీద కాదు, రాలిన మట్టి మీద ఉంది.

"సున్నమే పెట్టమని చెప్పినారు పాపా. తెచ్చి పోసినారు గూడా. మా నాయన ఎవరూ చూడకుండా లోపలంతా మట్టి మెత్తినాడు. పైపైన సున్నం పూసినాడు. నేను పక్కన నిలబడుకోని ఇటికిరాళ్లు అందిస్తా ఉండా, చిన్నబిడ్డని. ఎందుకు నాయనా మట్టి అంటే, ఎప్పుడో ఒకనాడు దీన్ని తెరిచేవోడు వస్తాడు, వానికి చేతులు నొయ్యకూడదు అన్నాడు."

"మా ముత్తాత వాకిలిని మీ నాయన ఎందుకు పూడ్చినాడు?"

చెంగమ్మ నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి కూడా లేదు, ఒట్టి అలసట.

"మీ ముత్తాత వాకిలా? మీరు తిరుత్తణి మురుగయ్యకు కావడి ఎత్తేవోళ్లు. కోవెల్లో పూసైకి, ప్రార్థనకి వచ్చేవోళ్లు కాదు, మోకాలు వంచేవోళ్లు కాదు. మీకు ఈడ వాకిలి ఎందుకు పాపా?"

ఇంత చిన్న ప్రశ్న! అంత చదివిన కలైవాణికి తట్టలేదు, ఫాదర్‌కు తట్టలేదు, పేటలో ఒక్కరికీ తట్టలేదు. గొప్ప తనదైతే చాలు, దాన్ని ఎవరూ తిరగేసి చూసుకోరు. తమ ముత్తాత కోవెల కట్టించాడని విన్నవాళ్లకు, ఆయన ఆ కోవెల్లో ఎన్నడైనా కూర్చున్నాడా అన్న అనుమానమే రాలేదు.

"ఈ కోవెల కట్టేటప్పుడు ఇటికిరాళ్లు మోసింది మావోళ్లు," అంది చెంగమ్మ. "గానుగ తిప్పింది మావోళ్లు. అందుకే దొరసామి మా సందుకు ఎదురుగా ఈ వాకిలి పెట్టించినాడు. కాలనీలో బయల్దేరితే నేరుగా ఈడికే. నడాన ఉండేది మీ వీది ఒక్కటే. అది దాటడమే తప్పయిపోయింది."

ఇక్కడ పడుగు సంగతి చెప్పాలి. నేతవాళ్ల వీధిలో తెల్లవారగానే పడుగు సాచేవాళ్లు. చీరకు నిలువున వచ్చే దారాలన్నీ వీధి పొడుగునా బిగించి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి ఆరబెట్టేవాళ్లు. ఆరేదాకా దాన్ని ఎవరూ దాటకూడదు. ఆ ఎవరూ అన్న మాటకు అర్థం మాత్రం మనిషిని బట్టి మారేది. మేక దాటితే అదిలించి ఊరుకునేవాళ్లు. కాలనీవాళ్లు దాటితే పడుగు మైలపడిందని పంచాయతీ పెట్టేవాళ్లు.

"ఒకనాడు మీ ముత్తాత, ఇంకొందరు పెద్దోళ్లు సామి కాడికి పోయినారు," అంది చెంగమ్మ. "ఆ వాకిలి మూసేస్తే ఏటేటా మాతకు మా మగ్గం చీర ఇస్తామన్నారు. సామి చీర తీసుకున్నాడు."

కలైవాణి చేతిలోని స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంది. "ఎవరో చెప్పుకున్న మాటలవ్వా ఇవి," అంది. ఆ గొంతు ఆమెకే నచ్చలేదు.

"సరే, మాట వద్దు. ఈ వాకిలికి గడప యాడుందో చూసినావా?"

చూసింది. లేదు. పటం గీసుకున్నప్పుడే ఆ సంగతి గుర్తుపెట్టుకుంది. పడమటి పెద్దవాకిలికీ, తూర్పున వెనకవాకిలికీ పొడవాటి నల్లరాతి గడపలున్నాయి. దీనికి మాత్రం గడప ఉండాల్సిన చోట కూడా మట్టే ఉంది.

"మీ వీదిలో నిలబడుకోనుండాది," అంది చెంగమ్మ. "పుట్టినప్పట్నించి చూస్తానే ఉండావు."

కలైవాణి పరుగులాంటి నడకతో కోవెల చుట్టూ తిరిగి తమ వీధిలోకి వచ్చింది. ఉత్తరపు గోడకు ఆనుకుని, పూడ్చిన వాకిలికి కాస్త తూర్పుగా ఆ రాతికంబం ఉంది. దానికే పేట పెద్దలందరూ పడుగు కట్టారు. ఇప్పుడు అందరి ఇళ్లలో పవర్‌లూములే కాబట్టి ఏడాదికోసారి నాయన ఒక్కడే కడుతున్నాడు. కంబం పై చివర ఒక వైపున గుండ్రటి గుంట ఉంది. అందులో గూటం దిగ్గొట్టి తాడు చుడతారు. కంబం నడుమ అదే వైపు నున్నగా అరిగిన పల్లం. తాళ్ల రాపిడికి అరిగిందని చిన్నప్పుడు నాయన చెప్పాడు.

ఆమె ఆ పల్లంలో అరచెయ్యి పెట్టింది. చెయ్యి మొత్తం పట్టింది. తాడు అరగదీస్తే గాటు పడుతుంది. ఇంత వెడల్పున, ఇంత నున్నగా అరగాలంటే పాదాలు పడాలి. కంబం మొదట్లో వానకు మెత్తబడ్డ మట్టిని గోళ్లతో తవ్వింది. కింద రెండో గుంట చేతికి తగిలింది. పెద్దవాకిలి గడపకు రెండు చివరలా, తలుపు చీలలు తిరగడానికి చెక్కిన గుంటలు సరిగ్గా ఇవే.

గడపను పెకలించి నిలువునా పాతారు. దాటేవాళ్ల కాళ్ల కింద ఉండాల్సిన రాయికి పడుగు బిగించి, అదే పడుగును ఆ వాకిలికి అడ్డంగా సాచారు. బుద్ధి ఎంత చురుకుగా పనిచేసిందో చూడండి!

ఆమె తిరిగి వచ్చేసరికి చెంగమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చునుంది.

"బతికుండేవోళ్లు పెద్దవాకిట్లో రావచ్చన్నారు," అంది, ఎవరూ అడక్కుండానే. "శవాన్ని మాత్రం తేగూడదన్నారు. మా అమ్మ పోయిన పొద్దు ఒకటే వాన. బయట పాడె మీదనే తడస్తా పండుకోనుండింది. సామి మెట్ల మీదనే గొడుగు పట్టుకోని నిలబడి తీర్థం చల్లినాడు. వానలో తీర్థం ఏదో, నీళ్లు ఏదో! ఇప్పుడు వద్దనేవోళ్లు లేరులే, ఫాదర్ మంచోడు. కానీ నాకు పెద్దవాకిలి వద్దు. నేను పోయినాక నన్ను ఈ వాకిట్లోనే లోపలికి తేవాల. మా నాయన మట్టి పెట్టింది అందుకే."

"తెస్తారవ్వా. ఎట్లాగూ తెరుస్తా ఉండారు గదా."

"ఎవరి వాకిలి అని తెరుస్తా ఉండారు? మీ నాయన చీర పట్టుకోని ముందర నడిచి, మీ ముత్తాత పేరు రాయి మీద పడినాక, ఇంక అది మీ వాకిలే. అప్పుడు నా శవం వచ్చినా మీ దయ వల్ల వచ్చినట్టే. ఆ దయ నాకొద్దు పాపా."

"నేను ఫాదర్‌కు చెప్తా" అంది కలైవాణి.

"ముందు మీ నాయన్ని అడుగు," అంది చెంగమ్మ, చీపురు అందుకుంటూ.

*

దేవరాజులు గుంటమగ్గం దగ్గర, కాళ్లు గుంటలో పెట్టుకుని, అడ్డపోగును అటూ ఇటూ నడిపే నాడెకు నూనె రాస్తున్నాడు. రేపు పొద్దున పడుగు సాచాలి. మిగతా ఏడాదంతా కొడుకు గుణ నడిపే పవర్‌లూమ్ దగ్గర తెగిన పోగులు ముడేస్తూ కూర్చునే మనిషి, ఈ కొన్నాళ్లు మాత్రం నీసు ముట్టడు, చెప్పులేసుకోడు, గట్టిగా మాట్లాడడు. పక్కగదిలో అతని భార్య వళ్ళియమ్మ గంజికి బియ్యం నానబోస్తోంది.

"నాయనా, వీదిలో ఉండే కంబం యాడిది?"

"మన పెద్దోళ్లు నాటినారు."

"యాడ్నించి తెచ్చి?"

నాడె మీద చెయ్యి ఆగలేదు.

"కోవెల గడప అది. నీకు తెలుసు."

"తెలుసు."

ఇంత సులువుగా ఒప్పుకుంటాడని కలైవాణి అనుకోలేదు. కాదంటాడని, అరుస్తాడని, చెంగమ్మను తిడతాడని అనుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. పోట్లాడడానికి ఒక గోడైనా దొరికేది.

"తెలిసీ, నేను ఫాదర్ కాడ అది మన వాకిలి అని చెప్తా ఉంటే పక్కనే నిలబడుకోని విన్నావే!"

"నువ్వు చెప్పినావు. నేను చెప్పలేదు." నాడెను తిప్పి రెండో వైపు నూనె రాశాడు. "కాదనలేదు, అంతే. చదువుకున్న బిడ్డ చెప్తా ఉంది, పోనీ అదే నిజమైపోనీ అనుకున్నా."

"పడుగు సాచే ముందునాడు ఈ రచ్చ ఏందే!" అంది వళ్ళియమ్మ గదిలో నుంచి. ఆమెకూ తెలుసని ఆ గొంతులోనే తెలిసిపోయింది. తిలాపాపం తలా పిడికెడు. ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా పిడికిలి ఖాళీగా ఉన్నది కలైవాణి ఒక్కతే, ఇప్పుడు ఆమె వాటా చలువరాయిగా చెక్కుడవుతోంది.

దేవరాజులు నాడెను ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా నాయన పోయే ముందర నాకు చెప్పినాడు. ఇది మొక్కు కాదురా, బేరం అన్నాడు. నాకప్పుడు మీసాలు గూడా సరిగా రాలేదు. నేనేం చేసుండాల చెప్పు? నేయడం ఆపాలా? ఆపితే ఎందుకు ఆపినావని ఊరు అడుగుతాది. చెప్పలేక నేసినాను. నేసి నేసి అది మొక్కే అయిపోయింది. ఆయమ్మ నా చీర కట్టుకోని తేరెక్కితే నాకు కండ్లలో నీళ్లు వస్తాయి. అది అబద్ధమా కలా?"

"అబద్ధం కాదు నాయనా. చెంగమ్మవ్వ వాళ్లమ్మ వానలో పండుకోనుండింది గూడా అబద్ధం కాదు."

"ఆ పొద్దుకు నేను పుట్టలేదు!"

"గడపకు పడుగు కడతా ఉండేది మాత్రం నువ్వే."

అతని మొహం ఎర్రబడింది. గుంటలో నుంచి లేవబోయి, మోకాళ్లు పట్టేసి మళ్లీ కూలబడ్డాడు. దాంతో కోపం ఇంకా పెరిగింది.

"మిగతా ఏడాది నేనెవుర్ని? చెప్పు. గుణ కాడ పోగులు ముడేసే ముసిలోణ్ణి. వాడు గూడా పొద్దున నాతో మాట్లాడడు. ఆ ఒక్కరోజు మైకులో దేవరాజులు అని నా పేరు పిలిచి, మొదటి మరియాద ఇచ్చి ముందర నిలబెడతారు. దాన్ని గూడా పెరికేస్తావా? చెంగి రానీ, నేను వద్దన్నానా! వాకిలి తెరిచినాక నా వెనకాల రానీ."

"వెనకాల."

"ఆ, వెనకాల! నువ్వు ఫాదర్ కాడికి పోయి చెప్పినావంటే ఈ చీర నేసేది లేదు. తిరువిళా పండగకు మాత పాత చీరతోనే తేరెక్కుతాది. ఎందుకని అడిగితే, నా కూతురి వల్ల అని మైకులోనే చెప్తా."

కలైవాణి గుమ్మంలోనే కూర్చుని ఏడ్చింది. నాయన మీద కోపంతో కాదు. ఆయన చెప్పిన దాంట్లో నిజం కూడా ఉంది కాబట్టి ఏడ్చింది. ఒట్టి దుర్మార్గుడైతే వదిలేసి పోవచ్చు. ఈ మనిషి ఆమెకు సెలవుల్లో పోగు అతకడం నేర్పాడు, కాలేజీ ఫీజుకు తన రెండో మగ్గాన్ని విప్పి అమ్మాడు. ఆ చేతుల్నే ఇప్పుడు చూడలేకపోయింది.

సాయంత్రం ఫాదర్ దగ్గరికి పోవాల్సింది. పోలేదు.

*

తెల్లవారింది. ఎండ పొడ ఇంకా వీధిలో పడకముందే పడుగు సాచారు. తెల్లటి నూలు, అంచుల్లో నీలం. ఏడాదికోసారి జరిగే పని కాబట్టి పవర్‌లూములు ఆపి వీధంతా సాయానికి వచ్చింది. అటూ ఇటూ నిలబడి గంజి పట్టించారు, కుంచెలతో దువ్వారు. కంబం దగ్గర తాడు పట్టుకునేది ఇంటి ఆడబిడ్డే, అది ఆ పేట ఆనవాయితీ. ఆరేకొద్దీ పడుగు బిగుస్తుంది. ఆ బిగువు చూసుకుంటూ తాడు కాస్త వదలాలి, కాస్త లాగాలి. దేవరాజులు కూతురి మొహం చూడకుండా తాడు ఆమెకు అందించాడు. ఆమె అందుకోగానే కుంచె తీసుకుని పడుగు అటు చివరకు పోయాడు. కలైవాణికి వెనక గోడలో పూడ్చిన వాకిలి, ముందర దాని గడప, గడప మీద తన చెయ్యి. ఆ పల్లంలోనే ఆనించుకుని నిలబడింది.

కాలనీ సందులో నుంచి చెంగమ్మ వచ్చింది.

చీపురు లేదు. ఉతికిన తెల్లచీర కట్టుకుంది. వాకిలి మూసినప్పటి నుంచి ఆమె ఆ వీధిలో అడుగుపెట్టలేదు, కోవెలకు రోజూ చెరుకుతోటల చుట్టూ తిరిగే వస్తుంది. ఇవాళ నేరుగా వచ్చి పడుగు ముందర ఆగింది. కుంచెలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"యాడికే చెంగీ? కనబడలేదా, పడుగు ఉండాది. చుట్టూ పో," అన్నారు ఎవరో అవతలి నుంచి.

"చుట్టూ పోయి పోయి కాళ్లు అరిగిపోయినాయి," అంది చెంగమ్మ. "మా నాయన మట్టి పెట్టిన చోట ఒకసారి చెయ్యి పెట్టి చూసుకోవాల. ఇటుపక్క నించి."

అందరూ దేవరాజులు వైపు చూశారు. తేలు కుట్టిన దొంగలా అతను నేల చూశాడు. గంజి కారుతున్న కుంచెను అలాగే పట్టుకుని, ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

"అడుగున సందుంది. వంగి రమ్మను."

అతని లెక్కలో అది చాలా పెద్ద మాట. ఆ వీధి కాలనీ మనిషికి అంతకంటే పెద్ద దయ ఎప్పుడూ చూపించలేదు. మైల అనలేదు, పో అనలేదు. వంగితే చాలన్నాడు.

చెంగమ్మ కాసేపు పడుగును చూసింది. వంగిన నడుంతోనే తల ఎత్తింది.

"దేవరాజులూ," అంది.

వీధిలో ఎవరో చప్పున ఊపిరి పీల్చారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె నోట సామీ అన్న పిలుపే తప్ప ఆ పేరు ఎవరూ వినలేదు.

"మీ తాత కాడ వంగినాము. మీ నాయన కాడ వంగినాము. నా నడుము చూడు, నీ కాడ గూడా వంగింది. ఈ పొద్దు వంగను. పడుగు దించు."

పచ్చిగంజి పడుగు నేలకు దిగితే ఇంక లేవదు. పోగుకు పోగు అంటుకుని మట్టిపాలవుతుంది. పండుగలోపు మళ్లీ నూలు తెచ్చి, ఆసులు పోసి పోగులు వరుస పెట్టి, ఇంకో పడుగు సాచే వ్యవధి లేదు. అది వీధిలో అందరికీ తెలుసు. చెంగమ్మకూ తెలుసు. తెలిసే అడిగింది.

"కలా," అన్నాడు దేవరాజులు. "బిగించి పట్టుకో."

కలైవాణి కదల్లేదు. అరచేతి కింద రాయి చల్లగా ఉంది. గూటానికి చుట్టిన తాడు చివర, కొస లాగితే ఊడిపోయే లాగుముడి ఆమె వేళ్లకు అందేంతలో ఉంది. చిన్నప్పుడు ఆ ముడి వెయ్యడం నేర్పింది నాయనే, విప్పడం నేర్పిందీ నాయనే.

చెంగమ్మ ఆమెను ఏమీ అడగలేదు. పూడ్చిన వాకిలినే చూస్తూ నిలబడింది.

"అమ్మా కలా," అన్నాడు దేవరాజులు రెండోసారి. ఈసారి గొంతులో అధికారం లేదు. పడుగు అటు చివర నుంచి ఆ ముసలాయన కూతుర్ని బతిమాలుతున్నాడు, వీధంతా చూస్తుండగా.

కలైవాణి రాతి మీద నుంచి చెయ్యి తీసి, ముడి కొస పట్టుకుంది.